టక్కుమనేదాక

ములుగు రోడ్డు మీది మా షెడ్డుకు
తాడు కట్టి గుంజుకొచ్చిండ్రు ఓమ్ని వ్యాను.
డ్రైవర్ సీటు ఎత్తితే
ఇంకో ఎండకాలం లేచింది కిందికెల్లి.

"గట్టమ్మ కాడ ఆగిన, కొబ్బరికాయ కొట్టిన"
అన్నడు ఓదేలు.
"కాయ మంచిగనే కొట్టినవ్,
ముల్లు చూసినవా?" అన్నడు సర్వర్ చాచా.

ముల్లు ఎప్పుడో ఎర్రగీత దాటింది.
సీటు కింద సెగ తగుల్తున్నా
పెండ్లోళ్లు తొందర పెడ్తున్నరని
తువ్వాల మడిచి కింద ఏసుకున్నడట.

చాచా ముందుగాల ఏం ముట్టలే.
రెండు బీడీలు కాలేదాక ఇంజన్‌ను సల్లారనిచ్చిండు.
వేడి మీద రేడియేటర్ మూత తిప్పి
మొఖం కాల్చుకున్న పోరని ముచ్చట
మా దిక్కు షెడ్డులల్ల ఇప్పటికీ చెప్పుకుంటరు.
ఆ పోరన్ని నేనే.

నీళ్లు పోసి ఒక్క నిమిషం నడిపిచ్చినం.
రేడియేటర్ల బుడగలు, ఎసరు మసిలినట్టు.
బంద్ చేసి నూనె మూత ఇప్పితే
లోపల మీగడ.

"ఏం పోస్తవ్ దీంట్ల?"
"బోరునీళ్లే."
మా బోరునీళ్లకు
బిందె అడుగునే తెల్లగ పెచ్చు కడ్తది.
చాచా ఏమన్లే, పానా అందుకున్నడు.

హెడ్డు లేపితే బయటవడ్డది.
ఇటు నిప్పు, అటు నీళ్లు, పక్కపొంటి నూనె,
ఒక్క అర్రల మూడు పొయ్యిలు పెట్టుకున్న తోడికోడండ్లు.
నడుమ అడ్డం
రెండు తునికాకుల మందం.

రెండో సిలిండర్‌కు, మూడోదానికి మధ్యల
చిటికెనేలు గోరంత
నల్లగ కాలింది.
గంతే.
గంతదానికే పెండ్లిపిల్ల మేనత్త
ఆటోల పొయ్యింది.

ఉక్కుపట్టీ హెడ్డు మీద అడ్డం పెట్టి
ఫీలర్ జొనిపిన. వెంట్రుకంత దూరింది.
"వెంట్రుక దూరినకాడ
నిప్పు దూరదారా?"
మట్టెవాడ లేత్‌కు నెత్తి మీద మోసుకపోయిన.

"పాతదానికే జర్ర పేస్టు రాసి ఎక్కియ్యరాదు?"
"తిన్న ఇస్తరిల మల్ల వడ్డిస్తరా నీ పెండ్లిల?"

బ్లాకు మీద పాత మడ్డి గీకేటప్పుడు
నా చేతిల స్క్రూడ్రైవర్ గుంజుకున్నడు.
గీత వడ్తే
ఆ గీతే రేపు తొవ్వ అయితదట.

ఇగ బోల్టులు.
నడిమిట్ల మొదలు వెట్టాలె, అటొకటి ఇటొకటి,
సుక్క చుట్టు ముగ్గు పెరిగినట్టు బయటికి.
ఒక్కపారే బిగియ్యొద్దు. మూడు తాపలు.
పానా టక్కుమంటది, అక్కడ ఆగాలె.

చాచాకు ఆ టక్కు ఇనబడ్తలేదు.
లారీ ఇంజన్ల నడుమ బతికిన చెవులు.
ఎవ్వలకూ చెప్పలే.
మొన్న హోలి మరునాడు
టక్కుమన్నంక కూడా తిప్పుతనే ఉన్నడు,
బోల్టు తెగిపోయి చేతిలకు వచ్చేదాక.
ఆ దినం అన్నం తినలే.

గప్పటిసంది ఆయన బిగిస్తడు,
నేను పక్కన నిలవడి ఇంట.
టక్కుమనంగనే భుజం మీద ఏలు పెడ్త,
ఆయన చెయ్యి ఆగుతది.
ఎనిమిది బోల్టులు, మూడు తాపలు.
మద్యల ఇసుక లారీ పోతే
ఇద్దరం ఆగుతం.

కొత్త కూలెంట్ డబ్బా ఒళ్లె పెట్టుకొని
మా దిక్కే చూస్తున్నడు ఓదేలు.
"గదేం మొక్కు అన్నా,
బోల్టు బోల్టుకు ఆయన్ని ముట్టుడు?"

చాచాకు ఇనబడలే.
నేను ఆరో బోల్టు కాడికి జరిగిన.