అర చుట్టు

మొదటిసారి ఆగిపోయింది మంగళవారం,
రాత్రి రెండూ పదిహేడుకి.
తెర ఒక్కసారి నీలంగా వెలిగి
చెప్పా పెట్టకుండా నల్లబడింది.
ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి,
మనిషి లేచిపోయాక కూడా ఊగే కుర్చీలా.

రీగాలో, ట్రాము మలుపు తిరిగే చోట,
అయిదో అంతస్తులో, వంటింటి బల్ల మీద
నా చేతులతో నేనే కట్టుకున్న కంప్యూటర్ అది.
పద్నాలుగు నెలల రాత్రి జీతాల్లోంచి మిగిల్చి
ఒక్కో అట్టపెట్టె తెప్పించాను.
రై రొట్టెల బట్టీలో పని నాది.
పిండికి ఏం కావాలో నా వేళ్ళు పట్టుకు చెప్పేస్తాయి.
ఈ లోహం పెదవి విప్పదు.

ఒక నోటుబుక్కు పెట్టాను.
బుధవారం: రెండుసార్లు. ఒకసారి నేను ఏమీ చేయకుండా చూస్తుండగానే.
గురువారం: లేదు. అసలు లేదు.
అదే ఎక్కువ భయపెట్టింది.
శుక్రవారం: పాస్‌వర్డ్ సగంలో.

పై ఇంటి స్కైద్రీటె గారి వాషింగ్ మెషీన్ని అనుమానించాను.
మెట్లెక్కి వెళ్ళి అడిగాను, బట్టలు ఏ వేళకి వేస్తారని.
తలుపు గొలుసు తీయకుండానే
"నా బట్టలతో నీకేం పని, విజ్మా?" అంది.
తర్వాత ట్రాముని అనుమానించాను. లిఫ్టుని. చలిని.
దౌగవా నది మీద మంచు పగిలే చప్పుడుని కూడా.
ఎప్పుడు పడితే అప్పుడు అంటే
కారణం లేదని కాదు.
నా ఇల్లు దానికి తెలుసు,
దాని ఇల్లే నాకు తెలియదు.

మెమరీ పరీక్ష పెట్టి పనికి పోయాను.
తెల్లారి వచ్చేసరికి తెర నిండా ఎర్ర గీతలు.
దొంగ దొరికాడని సంబరపడి
ఒక కడ్డీ పీకి చూశాను. బాగుంది.
అది పెట్టి ఇది పీకాను. అదీ బాగుంది.
రెండూ కలిపి పెడితే మళ్ళీ ఎర్ర గీతలు.
విడివిడిగా ఇద్దరూ పెద్దమనుషులే,
ఒకే గదిలో ఉంచితేనే...
వాల్దిస్, నేనూ ఉన్న రెండేళ్ళు గుర్తొచ్చి
స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేశాను.
ఆ రోజుకి టీ తాగి పడుకున్నాను.

బట్టీలో ఇందూలిస్ ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు.
పిండి తూస్తూ అంతా విన్నాడు.
ఏది వదులైంది అని అడగలేదు.
"దేన్ని ఎక్కువ బిగించావు?" అన్నాడు.

ప్రాసెసర్ మీద, దాని వేడి లాగే దిమ్మె.
నాలుగు మరలు.
కట్టిన రాత్రి, ఆ బరువు ఊడిపడుతుందేమోనని
మణికట్టు నొప్పెట్టేదాకా తిప్పాను.
తిప్పి, ఇంకొకసారి తిప్పాను.
తెగేదాకా లాగొద్దని అందరూ చెబుతారు,
బిగించడం గురించి ఎవరూ చెప్పరు.
మూల నుంచి ఎదురు మూలకి
ఒక్కో మరా అర చుట్టు వెనక్కి.
వంగిన బోర్డు వెంట్రుకవాసి పైకి లేచింది,
లేదా లేచిందని నాకు అనిపించింది.

ఆ రాత్రంతా పరీక్ష నడిచింది.
ఒక్క ఎర్ర గీత లేదు.

పదకొండు రోజులైంది.
నేను గీస్తున్న ఆటలో
బట్టీలోంచి పారిపోయిన రొట్టె
ఇప్పుడు వంతెన దాకా వచ్చింది.
నిన్న ఒక నిజం రొట్టె పట్టుకుని పైకి వెళ్ళాను.
స్కైద్రీటె గారు గొలుసు తీసింది.
రాత్రి కరెంటు చవకని అప్పుడు ఉతుకుతుందట,
రెండింటికి.

నోటుబుక్కులో ఈ రోజు తేదీ వేసి
పక్కన ఖాళీ వదిలాను.
పైన మెషీను తిరగడం మొదలెట్టింది, గోడ సన్నగా వణికింది.
తెర వెలుగుతూనే ఉంది.
అయినా నా ఎడమ చిటికెన వేలు
సేవ్ చేసే మీట మీంచి
ఇంకా లేవడం లేదు.