దువ్వెనకు ముందే తెలుసు

సానరాయి గనుల కొండ మాది, నాక్సోస్ దీవిలో.
చేతులు కాయలు కాయడం ఇక్కడ వింత కాదు.
చెయ్యి కలిపితే గరుకు తగలకపోతేనే
ఎవరో కొత్తవాడు పడవ దిగాడని అర్థం.
అందుకే ఇన్నేళ్లూ ఎవరూ
ఆ అరచేతుల్ని అనుమానించలేదు.

నేను నికిఫోరోస్‌ని, మంగలిని.
ఫ్లోరోస్‌ని వాళ్లమ్మ మొదటిసారి తెచ్చినప్పుడు
కుర్చీలో రెండు దిండ్లు వేసి కూర్చోబెట్టాను.
గొర్రెపిల్ల ఉన్నిలాంటి జుట్టు.
సన్నపళ్ల దువ్వెన పుటుక్కున విరిగింది.
వాడు నవ్వాడు, నేనూ నవ్వాను.
పళ్లు ఎడంగా ఉన్నది ఒకటి వాడికోసమే కొని
అద్దం పక్కన మేకుకు తగిలించాను.

మూడేళ్లవాడి అరచేతులు
ముప్పై ఏళ్లు గనిలో చేసినట్టు
పసుప్పచ్చగా, దళసరిగా.
"ఏం కష్టం చేశావురా, అప్పుడే కాయలు?" అన్నాను.
"తాత పోలిక" అంది వాళ్లమ్మ.
ఆ తాత ద్రాక్షతోటలో
కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.
పుణ్యం చేసుకున్న చావు అన్నారంతా.

పందొమ్మిదో ఏట ఫ్లోరోస్
పెనాల్టీ కొట్టి రెండు చేతులూ ఎత్తాడు.
ఎత్తిన చేతులతోనే పడ్డాడు.
బంతి ఇంకా వలలో కదులుతోంది.
వడదెబ్బ అన్నారు. దిష్టి అన్నారు.
పొద్దున ఏం తిన్నాడని వాళ్లమ్మని అడిగారు.
రెండు గుడ్లు, కాస్త చీజ్.
ఇప్పటికీ, అడగనివాళ్లకి కూడా చెబుతుంది.

ఆ చలికాలం ఒక డాక్టరమ్మ వచ్చింది
కాగితం చుట్టలున్న మిషను మోసుకుని.
చొక్కా విప్పమంటే ఎవరూ విప్పలేదు.
విసిగి నా కొట్లో కూర్చుని అడిగింది:
"ఇలాంటి జుట్టు ఇంకెవరికి కత్తిరించావు?"

చెప్పడం మొదలుపెట్టాను.
నిద్రలో పోయిన స్తమాతిస్.
చర్చి మెట్ల మీద, కొవ్వొత్తి చేతిలో ఉండగానే, కలీ.
ఈతకెళ్లిన కవలల్లో ఒకడు.
వాడిది ఉన్ని జుట్టు, ఒడ్డుకొచ్చినవాడిది సాఫీ.
ఆమె రాస్తూ రాస్తూ ఆగిపోయింది.
నేను అద్దంలో మేకు వైపు చూశాను.

కణాన్ని కణంతో కుట్టే దారం
జుట్టుకీ, అరచేతికీ, గుండెకీ ఒకటేనట.
అది పుచ్చితే గుండె కండ
కొంచెం కొంచెంగా కొవ్వై, మచ్చై,
పరుగు మధ్యలో ఎప్పుడో లయ తప్పుతుందట.
అమ్మనుంచి ఒక పోగు, నాన్ననుంచి ఒక పోగు,
రెండూ పుచ్చినవైతేనే.
ఒక్కటే పుచ్చినవాడికి ఏమీ తెలియదు.
సాఫీ జుట్టుతో నూరేళ్లు బతకొచ్చు.

ఫ్లోరోస్ చెల్లెలు అనెజీనాకి
మెడ ఎముక కింద అగ్గిపెట్టెంత మిషను పెట్టారు.
బంగాళాదుంపల గోదాములో ఓ రోజు
అది గుర్రంలా తన్నిందట.
లేచి, మట్టి దులుపుకుని,
లెక్క తప్పిందని తిట్టుకుంటూ
బస్తాలు మళ్లీ మొదటినుంచి ఎంచిందట.
నా దగ్గరికి జుట్టు కత్తిరించుకోవడానికి వస్తుంది.
మెల్లగా మెట్లెక్కి వస్తుంది. అదే దువ్వెన.

కిందటేడు నా కూతురికి పాప పుట్టింది.
గొర్రెపిల్లలా ఉందే అని ముద్దులాడారు అందరూ.
నేను తల నిమిరాను.
తలలు తెలిసిన వేళ్లు ఇవి.
ఏమీ అనలేదు.
నాది సాఫీ జుట్టు. కూతురిదీ, అల్లుడిదీ అంతే.
చలికాలం పోయింది, ఈస్టరు పోయింది,
ఏమీ అనలేదు.

పాప నడక నేర్చిన మూడు నెలలకి
ఒళ్లో పడుకోబెట్టుకుని
పాదం తిప్పి చూశాను.
మడమ దగ్గర పసుపు.

కూతురు పొయ్యి దగ్గర ఉంది.
"రేపటి పడవకి టికెట్లు తీశాను" అన్నాను.
"ఎక్కడికి?" అంది, ఇటు తిరగకుండానే.
ఆ పాదం ఇంకా నా చేతిలోనే ఉంది,
వెచ్చగా, నన్ను తన్నుతూ.