ఏ ఫోల్డర్‌ల పెట్టాలె

నా పెన్‌డ్రైవ్‌ల ఆరు గూళ్ళున్నయి:
బరాత్, గణపతి, భీమ్ జయంతి,
బతుకమ్మ, భజన, ఆఖరుకు శవయాత్ర.
సిరొంచల ఏ పని పడ్డా ఈ ఆరింట్లకెల్లే.
పదకొండేండ్లాయె డీజే బండి నడుపవట్టి,
ఏడోదాని అవసరం పడలే.

నాగపూర్‌ల నర్సింగు చదివే మా అక్క బిడ్డ అరుంధతి పంపింది:
"మామా, ఐర్లండ్ ఆమె. ఫిడెల్మా అంట పేరు.
కొత్త ఆల్బం. పది పాటలు. విను."
ఏం తీరు పాటలే అని అడిగితే
"గదే చెప్పరాదు" అన్నది.

విన్న.
మొదటిది మా బరాత్ లెక్కనే గుద్దుతది.
రెండోది ఫిడేలు, దాని కింద మిషిను డ్రమ్ము.
మూడోదాంట్ల ఆమె పాడదు, ఎవరితోనో కొట్లాడుతది,
నడుమ నవ్వుతది.
దేవునిదా అంటే కాదు. కాదా అంటే ఏమో.
ఏ గూట్లె పట్టదు,
రేషన్ కార్డు మరాఠీల, తిట్లు తెలుగుల,
అవ్వ పాడిన జోల గోండుల ఉన్నోన్ని
నన్ను యాడ పెట్టాల్నో జనాభా లెక్కల సారుకు తెల్వనట్టు.
టైం సూసి సర్దుదామని బరాత్‌ల పడేసిన.
గదే తప్పయింది.

మాఘమాసం, అంకీసల తోటోళ్ళ పెండ్లి.
రాత్రి పదకొండు. రోడ్డు పొడుగూత మిర్చి ఆరబోసి ఉంటే
పక్కపొంటి సందులకెల్లి గుర్రం, పిలగాడు, గుంపు.
నేను జనరేటర్ల డీజిలు పోస్తున్న,
ఫోను దానంతటదే ముందుకు జరిగింది.

ఫిడేలు.
పోరగాండ్లు ఆగిర్రు. ఒకడు ఈల వేయబోయి మింగిండు.
డప్పు బక్కయ్య ఒక్కడే తలకాయ పక్కకు వంచి
సిర్రతోని రెండుసార్లు తప్పు కొట్టి
మూడోసారి దొరకవట్టిండు,
తకిట తకిట, ఆరు దెబ్బల నడక,
"ఇది మన గుర్రం అడుగే గదరా!" అని ఒర్లిండు.
ఇగ సూడు దుమ్ము.
బందోబస్తుకొచ్చిన కానిస్టేబుల్ సుత
లాఠీ చంకల వెట్టి ఎగిరిండు.

మూడోది దాటేసిన. నాలుగోది ఏందో నాకు యాదికి లేదు.

దాంట్ల వాయిద్యం లేదు.
ఒక్క గొంతు, వాళ్ళ పాత భాషనో ఏమో,
మాటకు మాటకు నడుమ ఊపిరి పీల్చుడు ఇనవడుతది.
నా పద్దెనిమిది ఇంచుల బాక్సులల్ల
ఆ ఊపిరి సుత ఇల్లంత.
గుర్రం చెవులు నిక్కవొడిసింది.
అరుగు మీదికెల్లి పోచుబాయి లేసి నిలవడి
నన్నే అడిగింది:
"ఎవలు పోయిర్రు బిడ్డా ఆమెకు?"

పెండ్లిల ఏడుపు పాట!
పిలగాని మేనమామ వైరు గుంజిండు.
కిరాయిల పదిహేను వందలు కోసిండు,
మీదికెల్లి మరాఠీల ఒక మాట, అది ఈడ రాయ.

వాపస్ వస్తుంటే గోదారి ఒడ్డుకు
టవరు మారి ఫోను టుంగుమన్నది,
తెలంగాణకు స్వాగతమంట.
నేను నది దాటనేలేదు.
నాలుగో పాట మల్ల పెట్టలే. భయమైంది.

మూడోనాడు పొద్దుగాల
పోచుబాయి ఆటో దిగింది నా దుకాణం ముంగట.
దవఖానకు వచ్చిన అన్నది, అబద్ధం, ఆ రోజు ఐతారం.
బాక్సు మీద కూసోని
"అది పెట్టు" అన్నది.
పెట్టిన. సగంల కరెంటు పోయింది.

ఆమె ఆగలే.
యాడ తెగిందో ఆడికెల్లే అందుకున్నది.
రాగం అది కాదు. తెలుగో గోండో సమజ్ కాలే.
ఓ పేరు మాత్రం రెండుసార్లు ఇనవడ్డది,
మొగపిల్లగాని పేరు.

రికార్డు చేద్దామని ఫోను తీసిన.
మల్ల జేబుల పెట్టుకున్న.
ఎదురుంగ కల్లంల మిర్చి తొడిమెలు తీసేటామె
ఒక్కపారి తుమ్మి,
కొంగు నోటికడ్డం వెట్టుకున్నది.