పన్నెండు ఆటల కాగితం

బిష్కెక్‌లో శిక్షణ ముగిసిన రోజు
చేతిలో ఒక కాగితం పెట్టారు.
బడి తెరిచిన మొదటి వారం ఆడించాల్సిన పన్నెండు ఆటలు.
పిల్లల మధ్య మంచు పగలాలి, అన్నారు.
తలూపి, నాలుగు మడతలు పెట్టి
సంచిలో వేసుకున్నాను.

సెప్టెంబరు మొదటి పొద్దు. నారిన్ కొండల మీద
బడి వరండాలో, నీళ్ల బకెట్టులో
నిజంగానే మంచు, పాల మీది మీగడంత పలచన.
అడినాయ్ అనే పిల్ల
గరిటె తిరగేసి కాడతో టక్కున కొట్టి
ముంచుకు తాగి
మూతి తుడుచుకుంటూ లోపలికి పోయింది.
దానికి ఏ శిక్షణా అక్కర్లేకపోయింది.

మొదటి ఆట: పేరు చెప్పాలి, తన గురించి ఒక ముక్క చెప్పాలి.
ఉలుక్‌బెక్ లేచాడు. నోరు తెరిచేలోపే
వెనక బెంచీ అందుకుంది:
"వీడి గాడిద వీడి మాట తప్ప ఊరందరి మాటా వింటుంది!"
సెజిమ్ సంగతి జిబెక్ చెప్పింది.
జిబెక్ సంగతి వాళ్ల తమ్ముడు చెప్పాడు,
వాడు ఈ తరగతి కూడా కాదు,
కిటికీ అవతల ఇటుక మీద నిలబడి.

పద్నాలుగు మంది.
పుట్టిన దగ్గర్నుంచీ ఒకే వాగు నీళ్లు,
వేసవంతా ఒకే కొండ మీద పక్కపక్క గుడారాలు.
ఎవరి పన్ను ఎప్పుడు ఊడిందో
అందరి దగ్గరా లెక్కుంది.

రెండో ఆట: రెండు నిజాలు, ఒక అబద్ధం.
తిలెక్ గొంతు సవరించుకున్నాడు.
మా కుక్కకి మూడు కాళ్లు.
మా తాత తేనెటీగలు పెంచుతాడు.
నేను తోడేలుని చూశాను.
"తోడేలు!" పదమూడు గొంతులు ఒక్కసారే.
"చీకట్లో నువ్వు చూసింది మీ కుక్కనేరా!"
అబద్ధమాడుకోవడానికి కూడా చోటు లేని ఊరు.

నూలు ఉండ తీశాను. ఆకుపచ్చది, బజారులో బేరమాడి కొన్నది.
కొస పట్టుకుని ఒకరు ఇంకొకరికి విసరాలి,
గదంతా వల కావాలి, అందరం ఒకటని తెలియాలి.
అడినాయ్ రెండు వేళ్ల మధ్య నలిపింది, ముక్కుకి ఆనించుకుంది.
"ఎజే," అంది. ఇక్కడ టీచరుని అక్కా అనే పిలుస్తారు.
"ఎజే, ఇది ఏ గొర్రెది?"
ఏ గొర్రెదీ కాదు, ఫ్యాక్టరీది.
ఆ పిల్ల జాలిపడింది
నూలు మీదో నా మీదో తెలియలేదు.

ఇంక తొమ్మిది ఆటలున్నాయి. కాగితం మళ్లీ మడిచాను.
అప్పుడు, పొద్దుట్నుంచీ పెదవి విప్పని ఎల్దియార్,
బల్ల మీది గీతల్ని గోటితో గీకుతూ:
"మీరింకా ఆడలేదు."

గదంతా నా వైపు తిరిగింది.
నిజమే.
ఇక్కడ ఎవరికీ తెలియని మనిషి ఒక్కతే.

మా అమ్మ ట్రాలీబస్సు నడిపేది.
నేను సముద్రంలో ఈదాను.
నాకు గుర్రమంటే భయం.

గొడవ మొదలైంది. బల్లలు చరిచారు.
ఆడమనిషి బస్సు నడపకేం, జిబెక్ వాళ్లత్త ట్రాక్టరే తోలుతుంది.
సముద్రమంటారా, ఎక్కడో ఉండే ఉంటుంది.
కానీ గుర్రమంటే భయమా? ఇంత మనిషికి?
పద్నాలుగు చేతులూ లేచాయి, అదే అబద్ధమని.
కిటికీ అవతలి చెయ్యి కూడా.

"కాదు," అన్నాను. "సముద్రం నేనెప్పుడూ చూడలేదు."

ఎవరూ నవ్వలేదు.
"తన్నిందా? కరిచిందా?" సెజిమ్ మెల్లగా అడిగింది.
"దగ్గరికే పోలేదు."

సాయంత్రం గంట కొట్టాక గేటు దగ్గర
ఎల్దియార్, వాడి వెనక ఒక ముసలి ఆడగుర్రం.
కళ్లేనికి నా ఆకుపచ్చ నూలు ముడేసి ఉంది.
మిగతా వాళ్లు గోడెక్కి కూర్చున్నారు
సర్కస్ వచ్చినట్టు.
"దీనికి ఒక కన్ను కనపడదు.
కనపడే వైపు నుంచి రండి, ఎజే.
కొత్తవాళ్లంటే దీనికీ బెదురు."

మూడడుగులు వేశాను.
నాలుగోది రేపు చూద్దామన్నాను.

ఈలోగా గుర్రం మెడ తిప్పి
వేలాడే నూలు కొసని నోట్లోకి లాక్కుని
కాసేపు నమిలి
ఉమ్మేసింది.

"చూశారా," అంది గోడ మీంచి అడినాయ్.