సగం కారు

శాంతి వంతెన నడిమధ్యలో
డాష్‌బోర్డు మీద ఎర్ర త్రికోణం వెలిగింది.
ఉలాన్‌బాతర్, మైనస్ ముప్పై ఒకటి.
వెనక సీట్లో నలభై లీటర్ల పాలు.
గడ్డకట్టినా పర్వాలేదు,
చలికాలం ఇక్కడ పాలను దిమ్మలుగానే కొంటారు.
గడ్డకట్టకూడనిది నేను.

దాష్‌జెవెగ్ బానెట్ ఎత్తి,
తోలు టోపీ ఒక చెవి మీంచి పైకి మడిచి విన్నాడు.
"ఇన్వర్టరు పంపు పోయిందక్కా.
ఒళ్లంతా బిగుసుకుపోతోంది, దీని మెదడు మాత్రం కాలిపోతోంది."
కొత్తదానికి మూడు వారాలు.
పాతదానికి దా ఖూరే సంత.
"లేబుల్ చూసి తీసుకో. చివర ముప్పై ఒకటి ఉండాలి.
ఇరవై ఒకటి అంటగడతారు, కవలపిల్లలా ఉంటుంది, వద్దను."
ముప్పై ఒకటి.
బయట చలి ఎంతో అంతే, మరచిపోను.

మా నాన్న గుర్రం కొనేముందు
దాని పెదవి ఎత్తి పళ్లు చూసేవాడు.
గుర్రం రంగులకు మాకు వందల మాటలున్నాయి.
ఈ కార్లన్నిటికీ కలిపి ఒక్కటే, పొగరంగు.
వాటికి పళ్లు లేవు, నంబర్లున్నాయి.
నేను కళ్లజోడు తుడుచుకుని వెళ్లాను.

సంతంతా కంటైనర్లు.
ఇల్లు లేని తలుపులు వరసగా నిలబడ్డాయి.
మేకులకు స్టీరింగులు వేలాడుతున్నాయి,
ఏ దారి మలుపూ వాటికి గుర్తున్నట్టు లేదు.

మొదటి ముసలాయన ఉప్పుటీ పోసి కూర్చోబెట్టాడు.
"అన్నీ అన్నిటికీ సరిపోతాయమ్మా" అన్నాడు.
బొటనవేలితో మసి తుడిచాను: ఇరవై ఒకటి.
టీ మాత్రం బాగుంది.

రెండో కుర్రాడు మెరిసే డబ్బా తీశాడు.
దాని మీద అక్షరాలు ఒక్కో చోట ఒక్కోలా ఒరిగాయి.
"గ్యారంటీ?"
"ఈ గుమ్మం దాటేదాకా."
నిజాయితీపరుడు. దండం పెట్టి వచ్చేశాను.

చివరి కంటైనర్‌లో ఒయుంచిమెగ్.
నిన్ననే తియాన్‌జిన్ నుంచి రైల్లో దిగిందట
ఒక కారు ముందు సగం.
రంపం డ్రైవరు మోకాళ్ల దగ్గర కోసింది.
వెనక సగం ఏ దేశం పోయిందని అడిగితే
"నాకు ముఖమే అమ్మారు" అంది.

చిన్న మరలకు చేతితొడుగు అడ్డం.
విప్పేసింది. వేలు ఇనుముకు అతుక్కుంటే
ఊది, వదిలించుకుని, మళ్లీ తిప్పింది.
పంపు కింద గొట్టాన్ని పట్టుకుని
ఏదో పురుగు.
పురుగు కూడా కాదు, పురుగు తొడుగు.
తేనెరంగు. వీపు నిలువునా చీలి ఉంది.
లోపలిది ఎగిరిపోయింది,
ఆరు కాళ్లు మాత్రం
ఇంకా వదల్లేదు.

ఇద్దరం తలలు ఆనించి చూశాం.
స్తెప్పెలో పెరిగినదాన్ని, మిడతలు తెలుసు, జోరీగలు తెలుసు.
ఇదెవరో తెలీదు.
ఏ ఎండాకాలం ఈ బానెట్ కిందికి దూరి
బట్టలు మార్చుకుందో.

ఒయుంచిమెగ్ పంపును బ్యాటరీకి తగిలించి
నా అరచేతిలో పెట్టింది.
పిల్లి గురక పెట్టింది.
చివర ముప్పై ఒకటి.

లక్షా ఇరవై వేలంది. డెబ్బయ్యన్నాను.
నవ్వింది. నేను కదల్లేదు. ఆమె స్పానర్లు సర్దుకుంది.
చివరికి తొంభై వేలు, రెండు దిమ్మల పాలు.
"మరి ఇదో?" అన్నాను తొడుగు చూపించి.
"దానికి నంబరు లేదు, తీసుకుపో."

సాయంత్రం దాష్‌జెవెగ్ నీళ్లు పోశాడు,
బుడగలు పోయేదాకా గొట్టాన్ని పిసికాడు, తిట్టాడు, పిసికాడు.
త్రికోణం ఆరిపోయింది.
వెంటనే లోపలి జపాన్ ఆవిడ ఎప్పటిలా మాట్లాడింది.

ఆరేళ్లుగా రోజూ అదే మాట.
శుభోదయం చెబుతోందనుకుని
నేనూ జవాబిచ్చేదాన్ని.
ఆ భాష రెండు నెలలు చదివొచ్చిన మా అమ్మాయి
మొన్న అసలు అర్థం చెప్పింది:
"కార్డు పెట్టలేదు."
ఏదో టోల్‌రోడ్డు కార్డు.
చెప్పకపోయినా బాగుండేది.

తొడుగును ఆ ఖాళీ అరలోనే దాచాను.
ఆవిడ ఇంకా లేదనే అంటోంది.

వెనక ఎడమ చక్రం బేరింగు మూలుగుతోందన్నాడు దాష్‌జెవెగ్.
నాకేం వినపడలేదన్నాను,
టోపీ రెండు చెవుల మీదికీ లాక్కుంటూ.