తొంభై నిమిషాల నీళ్ళు

పొట్సమారో అంటే చేదుబావి.
ఎందుకా పేరు పెట్టారో తెలీదు, నీళ్ళు తియ్యనివే.
మా ఊరికి మొదట్నుంచీ ఎదురుమాటే అలవాటు.

ఇక్కడ నీకెన్ని నారింజ చెట్లున్నాయని ఎవరూ అడగరు,
నీ వంతు ఎప్పుడంటారు.
కొండ కింది ఊట నుంచి ఒకే కాలువ,
దానికి నూట పన్నెండు మంది హక్కుదారులు.
వారం మొత్తం ముక్కలు ముక్కలుగా పంచేసుకున్నారు
ఆదివారం పూజవేళ తప్ప.
అప్పుడు పారేది చర్చి తోటకు.
(దోన్ ఎలియా ప్రసంగం పొడుగయ్యేకొద్దీ
ఆయన నిమ్మచెట్లు పచ్చబడటం
మేం చూస్తూనే ఉన్నాం.)

మా అమ్మమ్మ అగ్రిప్పీనాకు వాళ్ళ నాన్న రాసిచ్చింది
వీలునామాలో ఒక్క వాక్యం:
సోమవారం తెల్లారితే మంగళవారం అనగా
రెండూ పది నుంచి మూడూ నలభై దాకా.

పగలు ఆవిడ ప్యాకింగ్ షెడ్డులో
కాయ కాయకూ పల్చటి కాగితం చుట్టేది.
నిమిషానికి ఇరవై రెండు, మేస్త్రీ గడియారం పట్టుకుని నిలబడేవాడు.
కాగితం మీద ఓడో, సింహమో,
కిరీటం పెట్టుకున్న ఎవరి పిల్లో.
కాయలు హాంబుర్గ్ వెళ్ళేవి,
చిరిగిన సింహాలు మా ఇంటికొచ్చేవి.
వాటి వెనకవైపే మా అమ్మ ఎక్కాలు రాసింది.
రాత్రయితే తాత బూట్లలో గుడ్డపీలికలు కుక్కుకుని
లాంతరూ పారా తీసుకుని
మడవ దగ్గర కాపు కాసేది అమ్మమ్మ.
నీరటి సవేరియో శంఖం ఊదితే వంతు మారినట్టు.
రెండు నిమిషాలు తేడా వస్తే
పారలు మట్టిని వదిలి మనుషుల మీదికి లేచేవి.

మంచు పడ్డ ఏడు మాత్రం
శంఖం ఊదలేదు.
నీళ్ళు పారే చోట వేరు గడ్డకట్టదని ఎవరో అన్నారు,
అంతే, ఊరంతా గట్లు తెగ్గొట్టి
ఎవరి నీళ్ళు ఎవరి చెట్టుకో వదిలేశారు.
తెల్లారేసరికి సగం తోటలు మసిబారాయి.
సవేరియో పుస్తకంలో ఆ రాత్రి పేజీ ఖాళీ.
అన్నిటికీ కోర్టుకెక్కే మా ఊళ్ళో
ఆ పేజీ జోలికి ఇంతవరకూ ఎవరూ పోలేదు.

తర్వాత టోరినో కార్ల ఫ్యాక్టరీలు మగపిల్లల్ని పిలిచాయి.
ఎక్కడిదో రసం డబ్బాల్లో వచ్చింది.
షెడ్డుకు తాళం పడింది, తాళానికి తుప్పు పట్టింది.
మామయ్య తోట అమ్మేశాడు,
నీళ్ళు అమ్మడం మరిచిపోయాడు.
అలా నాకు
సెంటు భూమి లేకుండా
తొంభై నిమిషాల నీళ్ళు సంక్రమించాయి.

ముంజీ ట్యునీషియా నుంచి కాయలు కోసే కూలికొచ్చి
కిందిగట్టు తోట కౌలుకు తీసుకున్నాడు.
వంతు లేని తోట, అందుకే చవక.
నీళ్ళిస్తానని తీసుకెళ్ళి చూపించాను.
"ఇది జెబ్బియా" అన్నాను, రాతి తొట్టిని.
"జాబియా" అన్నాడు.
"ఇది సాయా."
"సాఖియా" అని వంగి కాలువలో చెయ్యి పెట్టాడు.
వెయ్యేళ్ళ కిందట ఎవరో ఇక్కడ మరిచిపోయిన మాటలు
మేం నలగ్గొట్టి వాడుకుంటున్నామని
నాకప్పుడు తెలిసింది.
సవేరియో మనవడు పుస్తకం తెరిచి
"మీకేమవుతాడని రాయను?" అన్నాడు.
"నీళ్ళ వరస" అన్నాను. రాయలేదు, గీత పెట్టాడు.

మొదటి కోతకు సంచీడు కాయలు తెచ్చాడు ముంజీ.
కాస్త పులుపు, తోలు మందం.
నీళ్ళు చాలలేదేమో అన్నాను.
"తొంభై ఎక్కడ? ఎనభై నాలుగే వస్తున్నాయి.
పైగట్టువాడు ముందే మడవ తిప్పేస్తున్నాడు.
మూడు వారాలుగా గడియారం పెట్టి చూశాను."
ఆ మాటంటున్నప్పుడు
వాడి మెడమీద నరం అచ్చం మా ఊరి నరం.

అటక మీంచి తాత బూట్లు దించాను.
ఇప్పటికీ పెద్దవే.
గుడ్డపీలికలు వెతకాలి,
మంగళవారం ఎంతో దూరం లేదు.