ఊరికే

కాచిగూడ కౌంటర్‌ల పిలగాడు తలెత్తకుండనే
"ఏడికి?" అన్నడు.
బోర్డు మీద కండ్లకు ముందు దొరికిన పేరు చెప్పిన:
"షాద్‌నగర్. ఒకటి. పోను రాను."

ఇంట్ల చెప్పింది వేరు.
బర్కత్‌పురల గుండీలు దొరుకుత లేవని,
బేగంబజార్ పోయి చూస్తనని.
నలభై ఆరేండ్లల్ల నేనెక్కిన ప్రతి బండికీ
ఒక పెండ్లో, ఒక చావో, ఒక దవాఖానో ఉండె.
ఇయ్యాల ఏమీ లేదు.
సంచిల నీళ్ల సీస, రెండు జొన్న రొట్టెలు,
అలవాటు కొద్దీ సూదీ దారం.

మలక్‌పేట దాటంగనే డబ్బా నిండింది.
నా ఎదురుంగ అంతమ్మ
(పేరు తర్వాత తెలిసింది),
తెల్లారకముందే సీతాఫలాలు అమ్మేసి
ఒకదాంట్ల ఒకటి దూర్చిన ఖాళీ గంపలతోటి.
పండ్లు లేవు గాని
వాసన టికెట్ లేకుండ ఇంకా కూసోనే ఉంది.

డబీర్‌పురల బ్యాండు మేళం యాదగిరి ఎక్కిండు,
ఒళ్లె పిల్లంత బాకా.
"దానికి సగం టికెట్ తీసుకున్నవా?"
కిటికీ కాడి ముసలాయన అడిగిండు.
"ఐదేండ్లు నిండలే తాతా!"
డబ్బా అంతా నవ్వింది.

యాకుత్‌పురల ఖైరున్నిసా బీ,
మనవరాలిని భుజాన వేసుకొని.
ఎవరూ లేవలే, అందరూ జరిగిన్రు.
ముగ్గురి బల్ల మీద ఐదుగురం,
ఆరో మనిషికి అంచు.

ఉప్పుగూడ. ఫలక్‌నుమా.
ఊరు రోడ్డుకు చూపించని వీపును
రైలుకు చూపిస్తది:
తీగల మీద ఆరేసిన బట్టలు, బోర్లించిన గిన్నెలు,
పండ్లు తోముకుంటనే చెయ్యూపే పోరడు.

"ఎటు అక్కా?" అన్నది అంతమ్మ.
"ఊరికే."
"ఏ ఊరికి?"
"ఊరికి కాదు. ఊరికే."
"అదే, ఏ ఊరికే?"
ఒక్క ఏత్వం పట్టుకొని
ఇద్దరం చెరో దిక్కు వేలాడినం.

తర్వాత గొంతు తగ్గించింది. "మొగుడు కొట్టిండా?"
"లేదు."
"కోర్టు పనా?"
"లేదు."
ఖైరున్నిసా బీ నా మొహం చూసి
తనంతట తనే తేల్చేసింది:
"మన్నత్ హై తో కిస్కూ నక్కో బోలో అమ్మా."
నేను చెప్పలే. ఉంటే గద చెప్పనీకి.

బుద్వేల్ బయట బండి ఆగింది.
వెనక ఎక్స్‌ప్రెస్ ఉన్నదట.
పెద్దింటోళ్లు వస్తుంటే గోడకు ఒదిగినట్టు
మా బండి పక్క పట్టాల మీద ఒదిగింది.
అప్పుడు కనబడ్డది,
యాదగిరి ఎర్రకోటు భుజం మీద
ఊడి వేలాడుతున్న జరీ పట్టీ.
చూపు తిప్పుకున్న. మళ్ల అటే పోయింది.
శివరాంపల్లి నుంచి వచ్చే గాలికి అది ఊగుతుంటే
ఇంక నాతోటి కాలే:
"ఇటియ్యి."

పని లేని ఒక్క రోజును
నా చేతులతోనే అట్ల ఖరాబు చేసుకున్న.

ఇరవై కుట్లు. పదిహేడోది పడుతుంటే
ఎక్స్‌ప్రెస్ మా కిటికీలను కోసుకుంట పోయింది,
సూది వేలికి దిగింది.
"ఎర్రకోటే గద, కానరాదు తియ్యి" అన్నడు యాదగిరి.

పైసలియ్యబోయిండు, వద్దన్న.
అయితే పాట వాయిస్తనన్నడు.
పాప పండుకున్నదని ఖైరున్నిసా బీ
వేలు మూతికి పెట్టింది.
అప్పుడు ఊదకుండ
మీటల మీద వేళ్లు మాత్రం ఆడించిండు
ఉందానగర్ దాకా.
ఏం పాటనో మాకు తెల్వదు.
అంతమ్మ మాత్రం గంప అంచు మీద
దరువు తప్పకుండ వేసింది.

షాద్‌నగర్‌ల అంతమ్మ చాయ్ తాపింది.
"ఊరికే వచ్చినవ్ గద, ఊరికే తాగు" అన్నది.
అర్థమైందో, ఎక్కిరించిందో.

తిరుగు బండిల అందరూ కొత్తోళ్లు.
ఎటు పోతున్నవని ఎవ్వరూ అడగలే.
మధ్యల ఒకసారి
అడిగితే బాగుండుననిపించింది.

ఇంటికొచ్చేసరికి లైట్లు పడ్డయ్.
"దొరికినయా గుండీలు?"
"లేవు."
టికెట్ ముక్క మిషన్ సొరుగుల వేసిన,
చాక్‌పీసుల పక్కన.
దాని మీద తేదీ ఉంది, టైమ్ ఉంది, ధర ఉంది.
ఎందుకు అనే గడి లేదు.

వేలు రెండు రోజులు సలిపింది.
జాకెట్లు కుడుతుంటే, నడుమ నడుమ
కావాలనే నొక్కి చూసుకున్న.